దూలయ్య తీగకు ఉల్టా కాగడా

దూలయ్య నోట "సరే" అన్న మాట ఆ గూడెం విన్నది ఒకే ఒక్కసారి. దాని కథ తర్వాత చెప్పుకుందాం. టేకులపల్లి అడవి అంచున ఉన్న ఆ ముప్పై ఇళ్లకు ఆయన పెద్ద. మామిడి పండుగ చేసి తొలికాయ దేవతకు పెట్టనిదే అక్కడ ఎవరూ మామిడికాయ ముట్టరు. కాళ్ల దగ్గరే రాలి పడినా, నోరూరినా, దాటుకుంటూ పోవాల్సిందే. పండుగ ఎప్పుడన్నది పూజారి కన్నయ్య, దూలయ్య ఇద్దరూ ఒప్పుకోవాలి. కన్నయ్య పాపం ఎప్పుడంటే అప్పుడే. వచ్చిన చిక్కల్లా మన దూలయ్యతోనే.

ఈసారి మాత్రం ఆయనకే తొందరగా ఉంది. మనవరాలు వనజ ఖమ్మంలో పాలిటెక్నిక్ చదువుతోంది. రెండేళ్లుగా ఆ పిల్ల సెలవులకు వచ్చి వెళ్లిపోయాకే పండుగ అవుతోంది. మళ్లీ గురువారం పొద్దున బస్సుకు బయల్దేరుతుంది. బుధవారం పండుగ అయితే ఇంటి చెట్టు కాయ తిని పోతుంది. ముసలాయన కోరిక అంతే. అది బయటికి చెప్పడానికే బింకం అడ్డొచ్చింది.

సోమవారం మధ్యాహ్నం వనజ మంచం మీద బోర్లా పడుకుని ఫోను పొడుస్తుంటే, వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఏందే అది?"

"దిమ్మెల ఆట తాతా. కాలేజీల చూపియ్యాలె. మన గూడెం కట్టిన, సూడు."

నిజంగానే గూడెం. చదరపు గుడిసెలు, చదరపు కోళ్లు, పొయ్యి ముందు దూలయ్య భార్య, చదరపు నాగక్క. మధ్యలో తలుపు మూసిన మామిడికాయల కొట్టం, దాని ముందు రెండు మీటలు. మీటల నుంచి తలుపు దాకా నేలమీద ఎర్ర పొడి చారలు. ఆ పొడే తీగ, అందులో కరెంటు పారుతుందట.

"గీ మీట పూజారిది, గది నీది. ఎత్తితే అవ్, దించితే వద్దు. ఇద్దరి కరెంటూ అందితేనే తలుపు తెరుసుకుంటది. ఒక్కరిది అందకున్నా తెరుసుకోదు."

దూలయ్యకు ఛాతీ ఉబ్బింది. రెండు మీటలూ దించి ఉన్నాయి. తన మీటను వేలితో పొడిచి ఎత్తాడు, తర్వాత పూజారిదీ ఎత్తాడు. తలుపు కదల్లేదు. తనదాన్ని మళ్లీ పొడిచి దించాడు. టక్కున తెరుచుకుంది!

"నీ ఆట పాడుగాను! నేను వద్దంటే తెరుసుకునుడేందే?"

"నీ తీగకు ఉల్టా కాగడా పెట్టిన తాతా. నువ్వు అవ్ అంటే అది ఆరిపోతది, వద్దంటే వెలిగి తలుపుకు కరెంటు ఇస్తది."

"ఎవ్వరు పెట్టమన్నరు?"

"అవ్వనే. అన్నేండ్ల లెక్క చెప్పింది."

నిజం పొయ్యి దగ్గర ఉన్న నిజం నాగక్క కిసుక్కుమంది. లెక్కేముంది? ఏటా కన్నయ్య కల్లు ముంతతో వచ్చి అడుగుతాడు, ఈయన వద్దంటాడు. రెండోరోజు వద్దు. మూడోరోజూ వద్దే. మూడు వద్దులు పడ్డాయంటే పెద్దాయన ఒప్పుకున్నట్టేనని డోలు కొట్టిస్తారు. మూడేళ్ల కిందట ఒక్కసారి అడగ్గానే "సరే" అన్నాడు. అంతే, గూడెం హడలిపోయింది. మనిషికి ఏదో అయిందని ట్రాక్టర్‌లో వేసుకుని భద్రాచలం దవాఖానాకు తోలుకుపోయారు. ఆయన సెలైన్ ఎక్కించుకుని తిరిగొచ్చేసరికి పండుగ పది రోజులు వెనక్కి పోయింది.

దూలయ్య లెక్క వేసుకున్నాడు. సరే అంటే దవాఖానా. వద్దంటే మూడు రోజుల బతిమాలుడు, ఈలోగా పిల్ల బస్సెక్కేస్తుంది. తన నోరే తనకు శత్రువైందని ఆ రాత్రంతా మంచం మీద దొర్లాడు.

మంగళవారం పొద్దున కన్నయ్య కల్లు ముంతతో వచ్చాడు. వెనక సగం గూడెం.

"దూలన్నా, రేపు పండుగ చేద్దామా?"

"వద్దు."

కన్నయ్య అలవాటు ప్రకారం ముంత అక్కడ పెట్టి లేచాడు.

"యాడికి పోతున్నవ్? కూసో. మళ్ల అడుగు."

"గిప్పుడేనా? ...రేపు చేద్దామా?"

దూలయ్య దొప్పెడు కల్లు తాగి మూతి తుడుచుకున్నాడు. "వద్దు. ఇంగోపారి అడుగు, జల్దీ."

కన్నయ్య నోరెళ్లబెట్టాడు. "చేద్దామా?"

"వద్దంటే వద్దు! ఎన్నయినయ్?"

"మూడు."

"మరి నా మొకం ఏం చూస్తున్నవ్? పోయి డోలు కొట్టియ్!"

వాకిలంతా గొల్లున నవ్వింది. ట్రాక్టర్ తియ్యాలా అని వెనక నుంచి ఎవరో అడిగారు. "ఏం గాలే, మంచిగనే ఉన్నడు," అని నాగక్క భరోసా ఇచ్చింది.

బుధవారం పండుగ అయింది. దేవతకు పెట్టాక తొలిముక్క పెద్దకు ఇస్తారు. దూలయ్య దాన్ని ఉప్పూ కారంలో అద్ది వనజ నోట్లో పెట్టాడు. పులుపుకు ఆ పిల్ల ఒక కన్ను మూసుకుపోయింది. అయినా ఇంకో నాలుగు కాయలు లాగించింది.

గురువారం పొద్దున రోడ్డు మీద బస్సు ఆగింది. మామిడికాయల సంచితో మెట్టెక్కి, వనజ వెనక్కి తిరిగింది.

"నేను పోతే బెంగతోని రంది పెట్టుకుంటవా తాతా?"

"రందా? నాకా? అస్సల్లేదు. పో, పో."

వనజ ముఖం మీద నవ్వు వచ్చింది, దాని వెంటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. బస్సు కదిలింది. మలుపు దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"నాక్కూడా అస్సల్లేదు తాతా!"