నలభై చీటీల డబ్బా

నేను ఒక బిస్కెట్ల రేకు డబ్బాను. సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నాలోని బిస్కెట్లు మూడు రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాత పాతికేళ్లు విశాఖపట్నంలో ఒక మనస్తత్వశాస్త్ర విభాగంలో మనుషుల్ని రెండు జట్లుగా విడదీశాను.

ప్రయోగానికి వచ్చినవాళ్లు నాలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీసేవారు. అందులో ఏముంటే ఆ జట్టు. మనసుల గురించి అంత చదువుకున్నవాళ్లు తమ మనసును మాత్రం నమ్మేవారు కాదు. నా లోపలి చీకటిని నమ్మారు. అందుకు నేను వాళ్లకు రుణపడి ఉన్నాను.

పరిశోధకురాలు హైమవతి ఒకసారి పరీక్షల భయం మీద ప్రయోగం పెట్టింది. నలభై మంది విద్యార్థులు. సగం మందికి వెంటనే శిక్షణ, మిగతావాళ్లకు పరీక్షలు అయ్యాక. అప్పలకొండ అనే అమ్మాయి అప్పటికే రెండుసార్లు తెల్ల కాగితం ఇచ్చి హాల్లోంచి వచ్చేసింది. మూడోసారీ తప్పితే చదువు మాన్పిస్తామన్నారు ఇంట్లో. ఆమె వంతు రాగానే హైమవతి ఒక 'శిక్షణ' చీటీని ఏరి అన్నిటికన్నా పైన పెట్టింది.

"పైనున్నది తియ్యమ్మా."

ఆమె చెయ్యి నా అడుగుదాకా వెళ్లింది. వచ్చింది 'నిరీక్షణ'.

"మళ్లీ తియ్యి. నీకు అవసరం ఎక్కువ."

"అందరికీ ఒక్కసారేనన్నారు కదండీ. రేపు నాను బాగుపడితే మీ శిక్షణ వల్లో, మీ జాలి వల్లో ఎలగ తెలుస్తాదండి?"

అటెండరు పైడిరాజు నవ్వు ఆపుకోలేదు. "మీ పాఠం మీకే అప్పజెప్పీసింది మేడమ్."

హైమవతి తలవంచుకుని ఆ అమ్మాయి పేరు నిరీక్షణ జట్టులో రాసింది. ఆ అక్షరాలు కాస్త వంకరగా పడ్డాయి.

ఆ పరీక్షలో అప్పలకొండ గంటన్నర కూర్చోగలిగింది. తప్పింది. ఫలితం తెలిసిన మర్నాడే హైమవతి వాళ్లింటికి వెళ్లి ఇంకొక్క అవకాశం అడిగింది. నిరీక్షణ జట్టులో మొదటి శిక్షణ ఆమెకే. తర్వాతి పరీక్షలో చివరి గంట మోగేదాకా రాసి, గట్టెక్కింది.

మార్కుల జాబితా చూపించడానికి వచ్చిన రోజు, దాచుకున్న తన చీటీని తిరిగి నాలో వేసింది. "ఇది డబ్బాదే కదండీ," అంది.

ఇప్పుడు జట్లను కంప్యూటరు వేస్తోంది. నేను బీరువా మీద ఉన్నాను. దుమ్ము దులపడానికి ఎవరైనా కదిపినప్పుడు లోపల ఆ ఒక్క చీటీ చప్పుడు చేస్తుంది. నేను ఖాళీ డబ్బాను కానని అప్పుడు గుర్తొస్తుంది.