విడుపు దాకా

సూర్యగ్రహణం పట్టిన మధ్యాహ్నమే స్వరూపకు నొప్పులు మొదలయ్యాయి.

"విడుపు దాకా గడప దాటొద్దు తమ్మీ," అని స్వరూప తండ్రి అయిలయ్యతో అతని అక్క అంది.

"తొంబై అయిదుల గ్రహణం నాడు రెండో కాన్పు నొప్పులొస్తే నా పెండ్లాన్ని గిట్లనే ఆపినవ్. విడుపొచ్చేసరికి సచ్చిపోయింది. మల్ల నోరిప్పకు," అంటూ అయిలయ్య కూతుర్ని ఆసుపత్రికి ఆటో ఎక్కించాడు.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం రాస్తారోకో జరుగుతోంది.

"కాన్పు కేసు, జర తొవ్వియ్యిన్రి!" అని అయిలయ్య అరిచాడు.

కొందరు దారికి అడ్డం పెట్టిన రాళ్లు తీస్తుంటే, వెల్డింగ్ అద్దంలోంచి సూర్యుణ్ని చూస్తున్న ఒకాయన దాన్ని అతని చేతికిచ్చాడు. "బుగులు పడకే కాకా. చంద్రుడు అడ్డమొచ్చిండు, గంతే."

అయిలయ్య చూశాడు. సూర్యుడు కొరికిన జొన్నరొట్టెలా ఉన్నాడు. ఈ కాస్త నీడకా పెళ్లాం ప్రాణం పోయింది? అద్దం కూతురికి చాపాడు.

"నువ్వు గూడ సూడు బిడ్డా."

స్వరూప అద్దాన్ని కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది.

"ఇగ పోనియ్," అన్నాడు అయిలయ్య ఆటో డ్రైవరుతో.