నా పేరు చూపించిన కంప్యూటర్

విజయదశమి పొద్దున మిల్లు ఆఫీసులో కీబోర్డు సందుల్లో ఎండిన నిన్నటి చందనం గీకుతున్నాను. ఆయుధపూజకి మగ్గాలకైనా కంప్యూటర్‌కైనా మా సూలూరులో ఒకటే మర్యాద. బొట్టు పెట్టి, ఆ రోజంతా ముట్టుకోరు. పెట్టేది మగవాళ్ళు, తుడిచేది నేను.

నల్ల నేరంలో, అంటే ఇక్కడి తమిళంలో మంచి ముహూర్తంలో, మొదటి బిల్లు పడాలి. ఆన్ చేయగానే పెద్ద అప్‌డేట్ మొదలైంది. "నేరం పోతా ఉండాదిరా, సీక్రం!" అని మామగారు వేలుసామి గుమ్మంలోంచి కేక. అప్‌డేట్ ముగియగానే మా ఆయన రాజ్‌మోహన్ అది అడిగిన ప్రతిదానికీ చదవకుండా సరే కొట్టి, బిల్లుకి అడ్డమొస్తోందని ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఆపేసి, బిల్లు తీశారు. హారతిచ్చి అందరూ టిఫిన్‌కి వెళ్ళిపోయారు.

నేను తెరిచి చూద్దును కదా, నేను పెట్టిన కాపలా అంతా పోయింది. బయటివాడెవడైనా దూరి సరుకు కొనే పార్టీల లెక్కలు, పనివాళ్ళ బ్యాంకు వివరాలు ఎత్తుకుపోవచ్చు. నేను కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివాను. పెళ్ళయిన కొత్తలో జీతం మాటెత్తితే, "మన మిల్లే గదమ్మా, నీకేంటికి సంబళం?" అన్నారు మామగారు. వచ్చినవాళ్ళతో మా ఆయన, "సిస్టమంతా నేనే చూసుకుంటాను" అంటుంటే, పక్కనే కాఫీ ట్రే పట్టుకుని నిలబడ్డాను, ఎన్నోసార్లు. ఒళ్ళు మండేది. అయినా నవ్వేదాన్ని, ఛీ!

ఒక్కొక్కటే మళ్ళీ బిగించాను. ఫైర్‌వాల్ వేశాను, యాంటీవైరస్ లేపాను, బయటినుంచి లోపలికొచ్చే దారి మూశాను. నా చేతులు ఎంత చకచకా నడిచాయో! నాకే ముచ్చటేసింది. చివరికి ఖాతాలు తెరిచాను. అడ్మినిస్ట్రేటర్: రాజ్‌మోహన్. కాసేపు చూశాను. నా పేరుతో కొత్త ఖాతా తెరిచి సర్వాధికారాలూ దానికిచ్చాను. ఆయన్ని మామూలు యూజర్ని చేశాను.

మధ్యాహ్నం ఉడుమలైపేట నుంచి ఇళంగో అనే పార్టీ వచ్చాడు. అతను తెచ్చిన డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. మా ఆయన తనది కొట్టారు. తప్పంది. మళ్ళీ కొట్టారు.

ఇళంగో స్క్రీన్ వైపు వంగి, "కృత్తిక అని చూపిస్తా ఉండాదే. ఎవరు సార్ అది?" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశారు.

"నేనేనండి. ఇక్కడ సిస్టమ్ చూసుకునేది నేనే" అన్నాను. మా ఆయన మెల్లగా లేచారు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.