నలభై సెకన్ల గిటారు

నార్మన్ త్రెల్ఫాల్ మూడో తీగ బిగించి, చెవి ఒగ్గి విని, మళ్ళీ కాస్త వదులు చేశాడు. ఇంగ్లండు తీరాన ఉన్న లోస్టాఫ్ట్ ఊళ్ళో, వృద్ధుల కేంద్రంలో మంగళవారం భోజనాలు ముగిశాయి. వేయించిన చేపల వాసన ఇంకా పోలేదు. డెబ్బయ్యొకటో ఏట కూడా అతను వెడల్పాటి కౌబాయ్ టోపీ, పొడుగు బూట్లు లేనిదే వాయించడు. మోకాళ్ళ నొప్పులతో ఆ బూట్లు తొడుక్కోవడానికే పావుగంట పడుతుంది.

అమెరికా యాసలో పలకరింపు మొదలుపెట్టాడు.

"టెక్సాసు దొరగారూ, మీ అమ్మ మా వీధిలోనే చేపలు కడిగేది. మామూలుగా మాట్లాడు నాయనా," అంది ముందు వరసలో కూర్చున్న ఎడ్నా. అందరూ నవ్వారు. "సరేలే, ఆ ముక్క వాయించు."

ఆ ముక్క అంటే నలభై సెకన్ల గిటారు. 1973లో వాళ్ళ బృందం చేసిన రికార్డులో పాట మధ్యన వస్తుంది. దాని పుణ్యమా అని పత్రికలు నార్మన్ ఫోటో వేశాయి, పేరున్న గాయకులు పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. అది అతను వాయించింది కాదు.

రికార్డింగు రోజున ఇరవైసార్లు ప్రయత్నించాడు. ఒక్కసారీ కుదరలేదు. మిగతావాళ్ళు టీకి వెళ్ళినప్పుడు, వాళ్ళ వ్యాను నడిపే గోర్డన్ స్పింక్ గిటారు అందుకుని ఒక్కసారికే వాయించేశాడు. టేపు తిరుగుతూనే ఉంది.

"నీ పేరే ఉండనీలే. జనాన్ని చూస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు," అన్నాడు గోర్డన్.

నార్మన్ వద్దనలేదు. తన పేరున్న రికార్డు పెట్టుకుని, ఆ ముక్కను వారాల తరబడి నేర్చుకున్నాడు. చప్పట్లు మోగినప్పుడల్లా టోపీ కళ్ళ మీదికి లాక్కునేవాడు. అదొక స్టైలనుకున్నారు జనం.

ఇవాళా లాక్కున్నాడు. అక్కణ్ణించి బస్సెక్కి గోర్డన్ ఇంటికి వెళ్ళాడు. ఇక ఎక్కువ సమయం లేదని గోర్డన్ భార్య హిల్డా పొద్దున్నే ఫోన్ చేసింది.

గోర్డన్ కళ్ళు మూసుకుని పడుకున్నాడు. చెంపలు లోపలికి పోయాయి.

"ఏదైనా వాయించు నార్మన్. నీ గిటారు గుర్తుపడతాడేమో," అంది హిల్డా.

అతని వేళ్ళు ఆ ముక్కనే ఎత్తుకున్నాయి. దుప్పటి మీద గోర్డన్ ఎడమచేతి వేళ్ళు కదిలాయి, నార్మన్ కంటే అరక్షణం ముందుగా.

"చూశావా, నిన్ను చూసి చూసి ఆయనకీ వచ్చేసింది," హిల్డా మురిసిపోయింది.

నార్మన్ ఆపేశాడు. దుప్పటి మీది వేళ్ళు ఆగలేదు. చివరిదాకా వెళ్ళి నిలిచాయి.

"నాది కాదు హిల్డా. రికార్డులో ఉన్నది గోర్డనే. నేను ఆయన వాయించింది విని నేర్చుకున్నా."

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి మానుకుంది. చాలాసేపు దుప్పటి అంచు సర్దింది.

"రేడియోలో అది వచ్చినప్పుడల్లా లేచి తోటలోకి పోయేవాడు. నువ్వంటే కుళ్ళనుకున్నా. సిగ్గులేదా అని ముప్పై ఆరేళ్ళు దెప్పాను, నార్మన్."

అతను తల ఎత్తలేకపోయాడు. ఆమె టీ పెట్టడానికి వెళ్ళింది. కప్పులతో తిరిగొచ్చేసరికి గోర్డన్ ఊపిరి ఆగి ఉంది. అది ఎప్పుడు ఆగిందో పక్కనే కూర్చున్న నార్మన్‌కి తెలియలేదు.

డాక్టరు వచ్చి వెళ్ళాక, నార్మన్ బయటికి నడిచాడు. గుమ్మం పక్క బల్ల మీద గోర్డన్ తోలు చేతితొడుగులున్నాయి. వాటి వేళ్ళు ఇంకా స్టీరింగు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.