లావు తీగ మీది సగం

మీరే మింగేశారు. ఇంకెవరూ కాదు. సంగీత యాత్ర అంటూ రంగుల పటాలు అచ్చేసి పంచిన పర్యాటక ఆఫీసు పెద్దలూ, పబ్బులు కొని కుర్చీలు ఎత్తించి స్పీకర్లు బిగించిన యజమానులూ, మీరే. పక్కన కూర్చుని బీరు తాగుతూ చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయిన మాకూ ఇందులో వాటా ఉంది, దాచను. కానీ పెద్ద వాటా మీది. క్లేర్ కౌంటీలో, సముద్రం ఒడ్డున కిల్‌మోరన్‌లో సెనన్ హెహిర్ అనే డెబ్బై రెండేళ్ళ మనిషి సగం బాణీ దగ్గర పెట్టుకుని మిగతా సగం కోసం దేశమంతా వెతికాడు. ఏం దొరికిందో చెప్తాను. కదలకుండా వినండి.

సెనన్ పోస్టు బండి నడిపి రిటైరయ్యాడు. చెక్క ఫ్లూటు వాయిస్తాడు. అతని అక్క డెలియాది ఫిడేలు. నలభై ఏళ్ళపాటు ప్రతి మంగళవారం గ్లీసన్ పబ్బులో కిటికీ పక్క ఐదు కుర్చీల్లో రెండు వాళ్ళవి. జీతం లేదు, కాగితం లేదు. వాయించారు, అంతే.

వాళ్ళిద్దరికీ ఒక జిగ్, అంటే గంతులేయించే నాట్య బాణీ, ఉండేది. ఏ జిగ్‌కైనా రెండు ముక్కలుంటాయి: ఎత్తుగడ, మలుపు. అది రెండుసార్లు, ఇది రెండుసార్లు, మళ్ళీ మొదటికి. ఈ జిగ్‌ని డెలియా పదిహేడేళ్ళ వయసులో డోనెగాల్ చేపల ఫ్యాక్టరీలో పనికెళ్ళినప్పుడు పక్క బల్ల దగ్గర చేపలు కోసే సోర్చా అనే ఆవిడ దగ్గర పట్టుకొచ్చింది. పేరేంటని ఎవరడిగినా "సోర్చాది" అనేది. మలుపు రాగానే ఆ బాణీ అడుక్కి దిగిపోతుంది, ఫిడేలు మీద లావు తీగ దాకా. ఫ్లూటుకి అంత కింద స్వరాలే లేవు. అందుకని మలుపు వచ్చినప్పుడల్లా సెనన్ ఫ్లూటు ఒళ్ళో పెట్టుకుని గ్లాసు అందుకునేవాడు. నలభై ఏళ్ళు. ఆ మలుపులో ఎంత బీరు తాగాడో, పక్కవాడితో ఎన్ని గుర్రప్పందాల కబుర్లు చెప్పాడో లెక్కలేదు. అక్క వాయిస్తూనే ఉండేది. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

అక్టోబరు మొదట్లో డెలియా పోయింది. సమాధి దగ్గర సెనన్ సోర్చాది ఎత్తుకున్నాడు. ఎత్తుగడ రెండుసార్లు అయింది. అలవాటు కొద్దీ ఫ్లూటు దించాడు. ఎవరూ అందుకోలేదు. సరే, నేనే కూనిరాగం తీస్తానని నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. అందరూ ఏడుపనుకుని భుజం తట్టారు. ఏడుపు కాదు. ఆ మలుపు అతని దగ్గర లేదు, ఎప్పుడూ లేదు.

కిల్‌మోరన్‌లో ఇంకెవరి దగ్గరా కూడా లేదు. పాత గుంపులోని రెండో ఫిడేలు మనిషి చచ్చిపోయాడు, కాన్సర్టీనా అనే బుల్లి చేతి హార్మోనియం వాయించే ముసలమ్మ వృద్ధాశ్రమంలో తన పేరే మర్చిపోయింది. నవంబరు ఐదున చర్చిలో డెలియాకి నెల పూజ. ఆ పూజకి బాణీ పూర్తిగా వాయించాలని సెనన్ పట్టుబట్టాడు. డెలియా కూతురు ఇమెల్డా బడి బస్సు నడుపుతుంది. అక్టోబరు చివరివారం బడికి సెలవు.

"ఆ వారం కారు నాది, పెట్రోలు నాది, నోరు నీది," అంది మేనమామతో. "ఎక్కడెక్కడికి పోవాలో చెప్పు మావయ్యా."

వంటింటి బల్ల మీద పటం పరిచింది. అది పర్యాటక ఆఫీసు పటమే, పెట్రోలు బంకులో ఊరికే ఇస్తారు. "ఏడు రోజుల సంగీత యాత్ర." సంగీతం ఉన్న ప్రతి పబ్బు దగ్గరా బుల్లి ఫిడేలు బొమ్మ. అట్ట మీద డెలియా, కళ్ళు మూసుకుని, గడ్డం కింద ఫిడేలు.

"అమ్మ మొహం మీద టీ కప్పు పెట్టకు."

"చిన్నప్పుడు మీ అమ్మ మొహం మీద టీ పోసినవాణ్ణే నేను. ఏమీ అనుకోదు." సెనన్ కప్పు తీసి పక్కన పెట్టాడు. "ముందు కెర్రీ. కాన్ టేడీ ఇంటికి. ఎనభై ఆరులో మీ అమ్మ వాడికి ఇది నేర్పింది. వాళ్ళ వంటింట్లో కూర్చుని నేర్పుతుంటే నేను చూశాను."

"చూశావా, విన్నావా?"

"చూశాను."

"అదీ నీ సంగతి."

కాన్‌కి ఫోను లేదు, వాడుండేది పబ్బులోనే. పటంలో ఆ పబ్బు పక్కన ఫిడేలు బొమ్మ ఉంది. ఇమెల్డా ఫోను చేసి స్పీకరు పెట్టింది. హుషారైన కుర్రగొంతు పలికింది.

"రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి సంగీతం ఉందండీ. ఎంతమందికి టేబులు?"

"టేబులు వద్దు నాయనా. కాన్ టేడీ వస్తున్నాడా?"

"అయ్యో, కాన్ గారు మార్చిలో పోయారండీ. అయినా మీరు రండి. ఆయన ఫిడేలు మా బారు పైన గోడకుంది, కింద లైటు కూడా పెట్టాం. అందరూ దానితో ఫొటో దిగుతారు."

"దాన్ని ఎవరైనా వాయిస్తారా?" సెనన్ బల్ల మీదికి వంగాడు.

"దాన్నా? స్క్రూలు బిగించేశామండీ, ఎవరూ తీసుకుపోకుండా. సంగీతానికి డబ్లిన్ నుంచి గిటారు కుర్రాడొస్తాడు, స్పీకర్లు వాడివే."

సెనన్ తనే ఫోను మీద వేలితో కొట్టి ఆపేశాడు. మార్చిలో పోయాడట. చావు కబురు చెప్పడానికి కాన్ ఇంట్లోవాళ్ళ దగ్గర వీళ్ళ నంబరు కూడా లేదు కాబోలు. ఇమెల్డా పెన్సిలుతో కెర్రీ బొమ్మ మీద గీత గీసింది.

"పైకి పోదాం," అన్నాడు. "లీట్రిమ్. అక్కడ అన్నదమ్ములిద్దరున్నారు, మీ అమ్మంటే ప్రాణం పెట్టేవాళ్ళు."

"ఎప్పటి మాట ఇది?"

"నువ్వు పుట్టకముందు. ఐతే ఏం? ఫిడేలు వాయించేవాళ్ళు త్వరగా చావరు."

"ఇప్పుడే ఒకడు చచ్చాడుగా."

లీట్రిమ్ పబ్బుకి చేస్తే ఒకామె ఎత్తింది, పబ్బు కాదు సెలవుల ఇల్లు అంది. ఎనిమిదిమంది పడుకోవచ్చు. బారు ఉన్నచోట వేడినీళ్ళ తొట్టి కట్టించారట. అన్నదమ్ముల సంగతి ఆమెకి తెలియదు, ఇంటితోపాటు రెండు పాత కుర్చీలు వచ్చాయి గానీ మనుషులెవరూ రాలేదంది. నవ్వింది కూడా. చెడ్డమనిషేం కాదు. ఆమెకి ఎవరూ చెప్పలేదు, అంతే.

"పటంలో బొమ్మ ఉందే?" అంది ఇమెల్డా.

"మా ఇంటి దగ్గరా? ఔను, దానివల్ల బుకింగులు బాగా వస్తున్నాయి."

డబ్లిన్‌లో పాత రికార్డింగులు దాచే ఆఫీసుకి కూడా ఇమెల్డా చేసింది. డెలియావి రెండు టేపులున్నాయి, వాటిలో సోర్చాది లేదు. ఆ టేపులు రికార్డు చేసినాయన రాసిన చీటీ మాత్రం ఉంది, గుమాస్తా చదివి వినిపించాడు: "ఇంకొకటి ఉందట, మిషను ఆపితేనే వాయిస్తానంది." ఆయన మర్యాదస్థుడు, మిషను ఆపి విన్నాడట.

స్లైగోలో, ఒకప్పుడు డెలియాతో కలిసి ఫిడేలు వాయించిన ఊనా ఫోనెత్తింది. బతికే ఉంది! ఎనభై ఒక్కేళ్ళు. సెనన్ కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఊనా, సోర్చాది నీకు వచ్చుగా? డెలియాది?"

"వేళ్ళు పనిచెయ్యట్లేదురా బాబూ. గొంతుతో అనమంటే అంటాను." ఊనా అందుకుంది. వణుకుతున్నా ఒక్క స్వరం తప్పు లేదు. ఎత్తుగడ ఒకసారి, రెండోసారి. అక్కడ ఊనా ఆగింది.

"ఊఁ, మలుపు కానీ," అన్నాడు సెనన్.

"మలుపు డెలియాదిరా. ఆవిడ గదిలో ఉండగా ఆవిడ మలుపు నేను వాయిస్తానా? నాకు సిగ్గు లేదా? నేను విల్లు దించేసేదాన్ని."

"ఆవిడ లేనప్పుడో?"

"లేనప్పుడు ఆవిడ బాణీ ఎందుకు వాయిస్తాను?" ఊనాకి కోపం వచ్చింది. తర్వాత చిన్నగా, "నీకు రాదా? నలభై ఏళ్ళు పక్కనే కూర్చున్నావుగా, ఏం చేశావురా అంతసేపూ?"

సెనన్ కూర్చున్నాడు. ఇమెల్డాయే ఆవిడకి ఏదో చెప్పి ఫోను పెట్టేసింది. చూశారా మా జనం తెలివి? ఒకరి బాణీని ఇంకొకరు ముట్టుకోకపోవడం గౌరవం అనుకున్నాం. గౌరవించి గౌరవించి పూడ్చిపెట్టాం.

ఇంక డోనెగాలే మిగిలింది. సోర్చా ఎప్పుడో పోయింది. ఆమె మనవరాలు దొరకడానికి రెండు రోజులు పట్టింది. బ్యాంకులో పనిచేస్తుందట, మధ్యాహ్నం తిండి వేళలో మాట్లాడింది.

"మా నాయనమ్మా? ఫిడేలా? మీరెవరినో అనుకుంటున్నారండీ. మా నాయనమ్మ చేపలు కోసేది."

"చేపలు కోస్తూనే వాయించేదమ్మా. మా అక్కకి ఆమే నేర్పింది."

"మాకెప్పుడూ చెప్పలేదే," అంది ఆ పిల్ల. "ఆ బాణీ ఎలా ఉంటుంది, ఒకసారి అంటారా?"

సెనన్ ఫ్లూటు తీసి ఎత్తుగడ వాయించాడు. సగం ఇచ్చాడు, పుచ్చుకున్నదేమీ లేదు.

పటం నిండా పెన్సిలు గీతలే. ఇమెల్డా దాన్ని తిప్పి అట్ట చూసింది. అమ్మ మొహం. ఉన్నట్టుండి బల్ల మీద చరిచింది.

"మావయ్యా! సినిమా తీశారుగా!"

నిజమే. ఆరేళ్ళ కిందట పర్యాటక ఆఫీసువాళ్ళు గ్లీసన్‌లో ప్రకటన తీశారు. ఆ రోజు డెలియా సోర్చాది వాయించింది. మిషను ముందు ఎప్పుడూ వాయించనిది ఆ రోజు ఎందుకు వాయించిందంటే, కెమెరా పిల్ల చలికి వణుకుతూ ఇంకా ఒక్కటే అని బతిమాలిందట. జాలేసింది. ఇమెల్డా ఫోనులో వెతికి తీసింది. కొండ, సముద్రం, గొర్రెలు, డెలియా. ఎత్తుగడ ఒకసారి. రెండోసారి. విల్లు లావు తీగ మీదికి దిగింది. సరిగ్గా అక్కడ ఫిడేలు అణిగిపోయి ఒక మగగొంతు లేచింది. "రండి. మా నేల గుండె చప్పుడు వినండి."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ అక్కడే ఆ గొంతు. వాడికి ఇంకెక్కడా చోటు దొరకలేదు. గొర్రెల మీద మాట్లాడొచ్చుగా? కొండ మీద మాట్లాడొచ్చుగా?

ఆఫీసుకి ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. అసలు రికార్డింగు ఒప్పందం ప్రకారం ఏడాది తర్వాత చెరిపేశారట. "మీ అమ్మగారు మా అట్టమీద బొమ్మండీ! కొత్త పటం వస్తోంది, మీకొకటి పంపనా?"

సెలవు వారం గడిచిపోయింది. కారు వాకిట్లోనే ఉంది. పోవడానికి ఎక్కడుంది గనక?

నెల పూజలో ఫాదర్ సెనన్ వైపు చూశాడు. సెనన్ తల అడ్డంగా ఊపాడు. ఫ్లూటు పెట్టె తెరవలేదు. తర్వాత అందరూ సూపూ రొట్టెలకి గ్లీసన్‌కే పోయారు, అంతమందికి చోటున్నది అక్కడే. అయిదేళ్ళ కిందట ఆ పబ్బు కొన్న ఫెర్గల్ కిటికీ పక్క ఐదు కుర్చీలూ తీసేసి టోపీలూ టీషర్టులూ అమ్మే స్టాండు పెట్టాడు. గోడ మీద టీవీలో ఆ ప్రకటన తిరుగుతోంది. నాలుగు నిమిషాలకోసారి డెలియా వస్తుంది, వాయిస్తుంది, మలుపు దగ్గర ఆ గొంతు వచ్చి మీద కూర్చుంటుంది. సూపు తాగుతున్నవాళ్ళు తలలు దించుకున్నారు.

సెనన్ స్టూలు లాక్కెళ్ళి స్పీకరు కింద వేసుకుని చెవి ఆనించాడు. ఆ గొంతు అడుగున ఫిడేలు ఇంకా ఉంది, సన్నగా, గోడ అవతల ఉన్నట్టు. ఒకసారి విన్నాడు. నాలుగు నిమిషాలు ఆగాడు. మళ్ళీ విన్నాడు. సూపు చల్లారింది. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చీకటి పడేసరికి మూడు స్వరాలు పట్టాడు. మూడే. తర్వాతది 'గుండె' అనే మాట కింద నలిగిపోయింది.

"చెవి పోతుంది పెద్దాయనా," అన్నాడు ఫెర్గల్. తర్వాత ఇమెల్డా చేతిలో ఉన్న డెలియా ఫిడేలు పెట్టె చూసి గొంతు తగ్గించాడు. "ఆ ఫిడేలు మా గోడకి ఇస్తారా? కింద లైటు పెట్టిస్తాను. పేరు కూడా రాయిస్తాను."

ఇమెల్డా తెల్లబోయి చూసింది. సెనన్ స్పీకరు మీంచి చెవి తీయలేదు.

"లైటు తర్వాత. ముందు ఆ నోరు మూయించు."

"గొంతు విడిగా తీయడం కుదరదు. అంతా కలిపి ఒకటే ఫైలు."

అదే మీ సమాధానం, ఆఫీసు పెద్దలారా. అంతా కలిపి ఒకటే ఫైలు. ఆ బాణీ ఇంక రాదు, నాకు తెలుసు, మీకూ తెలుసు. వచ్చే మంగళవారం కూడా సెనన్ ఆ స్టూలు మీదే ఉంటాడు, నాలుగో స్వరం కోసం. మీరు చెయ్యాల్సింది చెప్తున్నా, రాసుకోండి. ఆమె మొహం అట్ట మీంచి తీసేయండి. మనుషుల్లేని ఊళ్ళ పక్క ఫిడేలు బొమ్మలు చెరిపేయండి. కాన్ ఫిడేలుకి కొట్టిన స్క్రూలు విప్పి, ఆ ఊళ్ళో ఎవరి చేతిలోనైనా పెట్టండి, రానివాడైనా సరే, వాయించి పాడుచేసినా సరే. గ్లీసన్ కిటికీ పక్క టోపీల స్టాండు లాగేసి ఐదు కుర్చీలు వెయ్యండి. ఎవరూ రాకపోవచ్చు. అయినా వెయ్యండి. అన్నిటికంటే ముందు, ఆ మగగొంతు ఆపండి. రేపు కాదు, మీటింగు పెట్టుకుని కాదు. ఇప్పుడే ఆపండి.