సున్నపు చార

రెబెక్కమ్మ గూడూరులో రైలెక్కింది ఒక్క పని కోసమే. నెల్లూరు మ్యూజియంలో చెంచురామయ్య పేరుతో పెట్టిన అభ్రకం దిమ్మను పగలగొట్టాలి. సంచిలో కీర్తనల పుస్తకం కింద గుండ్రాయి ఉంది.

చెంచురామయ్య ఆమె కూలి చేసిన గనికి యజమాని. రెండేళ్ల కిందట, 1959లో, ఆ గని కప్పు కూలి ఆమె భర్త హెబ్రోను చనిపోయాడు; ఆ రోజే గని మూతపడింది. కప్పును మోయడానికి తవ్వకుండా వదిలిన రాతి స్తంభాన్ని హెబ్రోనే ఎవరూ లేనప్పుడు తొలిచి, అందులోని అభ్రకం దొంగిలించబోయాడని చెంచురామయ్య విచారణలో చెప్పాడు. కాదనడానికి హెబ్రోను లేడు. కాగితాల్లో అదే నిలిచిపోయింది. చర్చిలో ఆమె పక్కన చాప మీద కూర్చోవడానికి కూడా కొందరు జంకేవాళ్లు. క్షమించమ్మా అని పాస్టరు గారు చెప్పినప్పుడల్లా ఆమె తల ఊపేది. లోపల మాత్రం చెంచురామయ్య ఎక్కడ, ఎవరి ముందు తల దించుకోవాలో రోజుకొక రకంగా ఊహించుకునేది.

మ్యూజియం ఒక పాత బంగళాలో ఉంది. ఆ రోజు దాతలకు సన్మానం. తలుపులు తెరవడానికి ఇంకా గంట ఉందనగా, మెట్ల మీద ఎండలో నిలబడిన ఆమెను వాచ్‌మన్ పోలేరయ్య చూశాడు.

"యాడ నుంచి వచ్చినావమ్మా? లోపలికి రా, నీడ పట్టున కూర్చుందువు" అని, తన స్టూలు తెచ్చి వేశాడు. చెంబుతో నీళ్లిచ్చాడు. ఆ చల్లదనానికి ఆమె కళ్లు ఒక్క క్షణం తడిశాయి. కాని ఎక్కువసేపు కూర్చోలేదు. ముక్కు విరిగిన రాతి విగ్రహాలనూ, తాటాకు గ్రంథాలనూ, వెంకటగిరి చీరలనూ దాటుకుంటూ పోయి అద్దాల పెట్టె ముందు ఆగింది.

పీటంత దిమ్మ. కింద అట్ట మీద రాసి ఉంది: "శ్రీ చెంచురామయ్య గారు స్వయంగా దగ్గరుండి తీయించి బహూకరించినది."

ఆమె సంచిలోకి చెయ్యి పెట్టింది. అప్పుడే దిమ్మ అంచు కనబడింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ముట్టకూడని స్తంభానికి గనిలో నడుమెత్తున సున్నంతో గీత గీస్తారు. ఆ సున్నపునీళ్లు అభ్రకం రేకుల మధ్యకు దిగాయంటే ఇక వదలవు. మామూలుగా అయితే ఏ దిమ్మనైనా ఆడకూలీలు కొడవలితో అంచులు కోసి రేకులుగా చీలుస్తారు. ఆ చార కూడా కోతలో చెత్తకుప్పకు పోయేది. పదిహేనేళ్లు ఆ కొడవలి పట్టిన చేతులు ఆమెవి. కాని జిల్లాలో ఇంత పెద్దది లేదనిపించుకోవాలన్న యావలో చెంచురామయ్య దీని అంచులు కోయనివ్వలేదు. ఒక పక్క అంగుళం వెడల్పున తెల్లటి చార అలాగే ఉంది.

రాయితో కొడితే అద్దం పగులుతుంది, అంతే. ఆమె ఖాళీ చేతిని బయటికి తీసింది.

పదకొండు గంటలకు చెంచురామయ్య జరీ కండువాతో వచ్చాడు. మ్యూజియం అధికారి పద్మనాభయ్య లావుపాటి రిజిస్టరు పట్టుకుని పక్కన నడిచాడు. వస్తువు ఎలా దొరికిందో దాత చెప్పాలి, ఆయన రాసుకోవాలి, దాత సంతకం చెయ్యాలి. దండ ఆ తర్వాతే.

"మా గనిలోదే. గని మూతపడే ముందు వారమే తీసినాము" అన్నాడు చెంచురామయ్య.

చూడవచ్చిన పదిమందిలోంచి రెబెక్కమ్మ వినయంగా అడిగింది. "ఇంత పెద్దది చెక్కు చెదరకుండా వచ్చిందే అయ్యా. పనోళ్లే తీసినారా?"

చెంచురామయ్య ఆమెను గుర్తుపట్టలేదు. కూలీల ముఖాలు ఆయన ఎప్పుడూ చూసి ఎరగడు.

"పనోళ్లకు అంత తెలివి యాడిదమ్మా. సుత్తి యాడ పడాలనో నేను వేలు పెట్టి చూపిస్తేనే గదా. మూడు రోజులు గని దిగి కూర్చున్నా. రాయండి పద్మనాభయ్య గారూ, అది కూడా రాయండి."

పద్మనాభయ్య రాశాడు. చెంచురామయ్య సంతకం చేశాడు.

"సార్, ఆ అంచు మీద తెల్లచార ఉంది. అదీ రాయండి" అంది రెబెక్కమ్మ.

"ఏందమ్మా అది?" అన్నాడు పద్మనాభయ్య.

"స్తంభానికి గీసే సున్నం సార్. ఆ గనిలో అభ్రకం ఉండే స్తంభం ఒకటే. దాన్ని తొలిచినాడనే మా ఆయన్ని దొంగన్నారు. నేను హెబ్రోను భార్యను."

చెంచురామయ్య ముఖంలో నవ్వు ఇంకా పోలేదు గాని, కండువా అంచును వేళ్లు నలుపుతున్నాయి. "మురికి అది. తుడిపించండి."

"తుడవండి సార్" అంది ఆమె. "మురికైతే పోతుంది."

పోలేరయ్య పెట్టె తెరిచి తడిగుడ్డతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. దుమ్ము పోయి చార ఇంకా తెల్లగా తేలింది.

"ఆ పేజీ చించెయ్యండి" అన్నాడు చెంచురామయ్య, చెయ్యి చాస్తూ.

పద్మనాభయ్య రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. "పేజీలకు నంబర్లు ఉంటాయండీ."

అప్పుడు చెంచురామయ్య ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఏం కావాలో చెప్పమ్మా. ఇక్కడ వద్దు, పక్కకు రా."

"ఇక్కడే కావాల అయ్యా. మా ఆయన్ని కూడా అందరి ముందరే గదా దొంగన్నారు."

చెంచురామయ్య తల దించుకున్నాడు. అది ఎలా ఉంటుందో ఆమె రెండేళ్లు ఊహించింది. నిజంగా చూస్తే, ఆయన బట్టతల మీద చెమట తప్ప ఏమీ కనబడలేదు. అదే ఆమెకు తనివి తీరా సరిపోయింది. ఆయన దండ వేయించుకోకుండానే కారెక్కాడు.

పద్మనాభయ్య బల్ల దగ్గర కూర్చుని కలం తీశాడు. "నకలు ఇస్తానమ్మా, సీలు వేసి. ఒకటి చాలా?"

"రెండు సార్. ఒకటి గనుల ఇన్‌స్పెక్టరు గారికి. ఇంకోటి ఆదివారం చర్చిలో చదివించేదానికి."

"పాస్టరు గారు చదువుతారా?"

"చదవకపోతే నేనే చదువుతా" అంది రెబెక్కమ్మ. "ఆయన క్షమించమని చెప్పకముందే."