ఎస్. కాశీరావు, నలభై తొమ్మిదేళ్లు

పటమటలో జయకృష్ణ నెట్ సెంటర్ పొద్దున తొమ్మిదింటికి తెరుచుకునేది. 2007లో అతని దగ్గర ఉన్నవి ఆరు కంప్యూటర్లు. పొద్దుటిపూట హాల్ టికెట్ల కోసం కాలేజీ పిల్లలు, మధ్యాహ్నం రైలు టికెట్లవాళ్లు, మూడు దాటాక రిపోర్టులవాళ్లు వచ్చేవారు. బెంజ్ సర్కిల్ దగ్గరున్న స్కానింగ్ సెంటరు రిపోర్టుల్ని ఇంటర్నెట్లో పెట్టడం అప్పుడే మొదలుపెట్టింది. రసీదు మీది నంబరు, పాస్‌వర్డు కొడితే రిపోర్టు తెరుచుకునేది. దాంతోపాటే ఆ మనిషి గుండె, అప్పుడు ఎక్కడ కొట్టుకుంటుంటే అక్కణ్ణుంచి, స్పీకర్లలో వినిపించేది. పక్కవాళ్లకి ఇబ్బంది లేకుండా జయకృష్ణ సౌండు కాస్త తగ్గించేవాడు.

ఆ గురువారం సుధామణి రసీదు పట్టుకుని వచ్చింది. ఆమె భర్త సైదు కాశీరావు చేపల లారీ డ్రైవరు. నెల రోజులుగా మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందంటే డాక్టరు గుండె స్కానింగు రాశాడు. రిపోర్టు ముందురోజు సాయంత్రమే వచ్చిందట. ఇవాళ సాయంత్రం ఐదింటికి లారీ కైకలూరు చెరువుల మీదికి లోడుకి వెళ్లాలి. బండి ఎదురుగుండా రోడ్డు పక్కనే ఆగి ఉంది.

జయకృష్ణ నంబరు కొట్టాడు. 'ఎస్. కాశీరావు, 49' అని పేరు వచ్చింది. చదివి, అంతా నార్మల్ అక్కా అన్నాడు. స్పీకరులో గుండె నింపాదిగా, ఒకే తీరుగా కొట్టుకుంటోంది.

సుధామణి కుర్చీలోంచి లేవలేదు. స్పీకరు దగ్గరికి చెవి పెట్టి చాలాసేపు విన్నది.

"ఇది మా ఆయనది కాదు తమ్ముడూ," అంది.

పేరు, వయసు, నంబరు అన్నీ సరిపోయాయని జయకృష్ణ మళ్లీ చూపించాడు. ఆమె ఒప్పుకోలేదు. కాశీరావు గుండె ఆరు దెబ్బలు కొట్టి, ఏడోదానికి ఒక్క క్షణం తడుముకుంటుంది. పెళ్లైన కొత్తల్లో ఆమెకి అదంటే భయం వేసేది. తర్వాత్తర్వాత అది వినకుండా నిద్ర పట్టేది కాదు. ఇరవై రెండేళ్లుగా వింటున్న చప్పుడు అది.

బయట కాశీరావు అప్పటికే లారీ ఎక్కి కూర్చున్నాడు. నార్మలని గుమ్మంలోంచే విన్నాక అతని మొహం నెలరోజుల తర్వాత విచ్చుకుంది. సుధామణి చెప్పిందంతా విని, కాగితం మీద బాగుందని రాసుంటే నీకెందుకు బాధ అని విసుక్కున్నాడు. ఆమె వాదించలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి బండి తాళం లాగేసుకుని, వెళ్తున్న ఆటోని ఆపి ఎక్కేసింది. అతను వెనక నుంచి కేకలేశాడు గానీ, దిగి పరిగెత్తలేదు. దిగితే ఆయాసం వస్తుందని ఇద్దరికీ తెలుసు.

స్కానింగ్ సెంటర్లో కౌంటరు చూసే ఆవిడ మార్త. అక్కడి కంప్యూటర్లకి స్పీకర్లు పీకేసి ఉన్నాయి. రోజుకి రెండు వందల గుండెలు మోగితే పని జరగదని మేనేజరు తీయించాడు. మార్త రిజిస్టరు తిప్పింది. సోమవారం నాడు ఎస్. కాశీరావులు ఇద్దరు వచ్చారు. ఒకరు సైదు, ఇంకొకరు ఉయ్యూరు నుంచి వచ్చిన రైతు సూరపనేని. ఇద్దరికీ నలభై తొమ్మిదే. నంబర్లు తారుమారయ్యాయేమో చూడమని సుధామణి అడిగింది. ఇంకొకరి రిపోర్టు తెరిచి చూపించడం కుదరదనీ, అలా చేస్తే తన ఉద్యోగం పోతుందనీ మార్త చెప్పింది.

"చూపించొద్దమ్మా. వినిపించు, చాలు."

మార్త ఆమె మొహంలోకి చూసింది. సొరుగులోంచి స్పీకర్లు తీసి తగిలించి, స్క్రీను తన వైపుకి తిప్పుకుని రెండో నంబరు కొట్టింది.

నాలుగు దెబ్బలు పడ్డాయి. ఆగింది. మళ్లీ ఐదు. మళ్లీ ఆగింది, ఈసారి ఇంకాసేపు.

"ఈయనే," అంది సుధామణి. "కానీ ఎప్పుడూ ఆరు కొడుతుంది."

స్క్రీను చదువుతున్న మార్త మొహం పాలిపోయింది. గుండెకి రక్తం పోయే పెద్ద నాళం దాదాపు మూసుకుపోయిందని అందులో ఉంది. ఆమె ఒక చేత్తో డాక్టరుకి, ఇంకో చేత్తో, సుధామణి ఇచ్చిన నంబరు చూసి, జయకృష్ణకి ఫోన్లు కలిపింది. కాశీరావుని ఒక్క అడుగు కూడా నడిపించకుండా ఆటోలో ఎక్కించి, పక్క సందులో ఉన్న ఆసుపత్రికి తీసుకురమ్మంది.

ఆ తర్వాత చెయ్యడానికేమీ లేదు. వినడమే. పేజీ ప్రతి పది నిమిషాలకీ మూసుకుపోతుంటే మార్త మళ్లీ మళ్లీ పాస్‌వర్డు కొట్టింది. హాల్లో కూర్చున్నవాళ్లు మాటలు మానేశారు. మూడు దెబ్బలు. రెండు. బెంజ్ సర్కిల్లో ట్రాఫిక్ ఆగిపోయిందని జయకృష్ణ ఫోన్లో అరుస్తున్నాడు. వెనకాల హారన్లు వినిపిస్తున్నాయి. ఇంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది, స్క్రీను మాత్రం ఆరలేదు. బ్యాటరీ ఇంకాసేపు రావాలని మార్త పక్కనున్న ప్రింటరు ప్లగ్గు పీకేసింది.

కాసేపటికి చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

సుధామణి కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. ఎవరో ముసలాయన లేచి కుర్చీ ఆమె వెనక్కి జరిపాడు. ఆమె కూర్చోలేదు. యూపీఎస్ కీచుమనడం తప్ప ఇంకేమీ వినిపించలేదు.

స్పీకరులో ఒకసారి ధడేలుమంది. మళ్లీ ఒకసారి. ఆ తర్వాత ఒక దెబ్బ, ఇంకో దెబ్బ, వెనకే మూడోది. మార్త పైకే లెక్కపెట్టింది. ఆరు దాటింది. ఏడు, ఎనిమిది అంది. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మనిషి గుమ్మంలోనే పడిపోయాడనీ, కరెంటు షాకిచ్చి నిలబెట్టారనీ, ఆపరేషనుకి తీసుకెళ్తున్నారనీ చెప్పారు. సుధామణి అప్పుడు మెట్లు దిగి పరిగెత్తింది.

మార్త పేజీ మూసింది. రిజిస్టరులో ఉయ్యూరు నంబరు వెతికి ఫోను చేసింది. ఆ ఇంటావిడ ఎత్తింది. నిన్న వాళ్లబ్బాయి ఆఫీసులో, స్పీకర్లు లేని కంప్యూటరు మీద రిపోర్టు చదివి చెప్పాడట. అప్పట్నుంచి ఆయన గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడట. పొరపాటు తమదేననీ, ఆయన గుండెకి ఏ జబ్బూ లేదనీ మార్త రెండుసార్లు చెప్పింది.



"అయితే అండీ," అందావిడ మెల్లగా, "ఆయన్ని లేచి అన్నం తినమని చెప్పొచ్చా?"